అడ్డపొగ ఊళ్ళలో నేర్చుకున్నది

(శ్రీకాకుళంలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, దంత వైద్య విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. చిన్న సవరణలతో.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్న ఆశా అమ్మలకీ, ఏఎన్‌ఎం అక్కలకీ మరోసారి నమస్కారం. మీలో చాలామంది తెల్లారకముందే వంట ముగించి, రెండు ఆటోలు మారి వచ్చారని తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

నేను పళ్ళ డాక్టర్ని. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం తీరం ఊళ్ళలోనే గడిచింది. అక్కడ పళ్ళకంటే అంగిలి ఎక్కువ చూశాను. ఎందుకో ఈ ప్రాంతంవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్న విద్యార్థుల్లో సీమ నుంచి, తెలంగాణ నుంచి వచ్చిన పిల్లలున్నారు కాబట్టి చెబుతాను.

ఇక్కడ ఆడవాళ్ళు చుట్టని తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, పెదాలు మూసేస్తారు. దాన్నే అడ్డపొగ అంటాం. మొదటిసారి విన్నవాళ్ళు నమ్మరు. కానీ ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని అడిగితే ఆమె చెప్పే కారణాలు వినదగ్గవి. సముద్రపు గాలికి బయట నిప్పు నిలవదు, నోట్లో ఉంటే ఆరదు. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, నాట్లు వేసుకోవచ్చు, చేపల గంప దించుకోవచ్చు. పన్నుపోటుకి మందని మొదలుపెట్టినవాళ్ళు ఎంతోమంది. అమ్మ కాల్చింది, అత్త కాల్చింది, తనూ కాల్చింది. వీళ్ళకి తెలివిలేదని అనుకునేవాళ్ళు ఈ పనికి పనికిరారు.

మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తుంది. అంగిలికి రావడం అరుదు. ఇక్కడ అంగిలికే వస్తోంది, అదీ ఆడవాళ్ళకి. ఇది గమనించి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు, ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా వాళ్ళ బృందం, డెన్మార్క్ ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్‌తో కలిసి ఈ జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించింది. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. చూసినవాళ్ళలో వందకి దాదాపు 44 మంది అడ్డపొగ కాల్చేవాళ్ళే. అప్పటి నుంచి మన జిల్లా పేరు దేశదేశాల దంత వైద్య పుస్తకాల్లోకెక్కింది. విద్యార్థులారా, మీ పుస్తకంలో కూడా ఎర్రమచ్చలు పడిన అంగిలి ఫోటో ఒకటి ఉంటుంది. ఆ నోరున్న మనిషి తర్వాత ఏమైందో ఏ పుస్తకమూ రాయలేదు. అలాంటి ఒక మనిషి సంగతే నేను చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్త. అప్పటికి ఆశాలు లేరు, ఆరోగ్యశ్రీ లేదు. ఒక తీరం ఊళ్ళో బడి వరండాలో క్యాంపు పెట్టాం. నేను పెద్ద పెద్ద బొమ్మలు తీసుకెళ్ళాను. పుళ్ళు పడిన నోళ్ళు, చిల్లు పడిన బుగ్గలు. భయపడితే మానేస్తారని నా నమ్మకం. బొమ్మలు చూసి ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని తల తిప్పేసుకున్నారు. ఒక మామ్మ మాత్రం అంది: "ఇలాటోలు మా ఊర్లో ఉన్నారు బాబూ. బొమ్మలో సూపించాలేటి?"

ఆ మామ్మ నోరే చూశాను. అంగిలి నిండా తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి మచ్చ. తెల్లమచ్చ కంటే ఎర్రమచ్చ ప్రమాదం. ముక్క తీసి పరీక్ష చేయించాలి. చీటీ రాసిచ్చాను, పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను. "నొప్పి నేదు బాబూ, నొప్పొచ్చినప్పుడు ఎల్తాను" అంది. నొప్పి వచ్చేదాకా ఆగకూడదని గట్టిగానే చెప్పాను. పేరు రిజిస్టర్లో రాసుకుని జీపెక్కి వచ్చేశాను.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆమె క్యాంపుకి రాలేదు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే మంచంలో ఉంది. అంగిలికి చిల్లు పడి, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయి. నా చీటీ చూరులో దోపి ఉంది, నాలుగు మడతల్లో. వెళ్ళలేదేమని అడిగాను. వెళ్ళిందట. పొద్దున్నే బస్సెక్కి ఒక్కతే వెళ్ళింది. ఏ గదో తెలీలేదు. లైన్లో నిలబడితే ఈ లైను కాదన్నారు. ఇంకో లైన్లో నిలబడేసరికి టైమైపోయింది, ఫలానా రోజు రమ్మన్నారు. ఆ రోజు మళ్ళీ వెళ్తే ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు. కొడుకు చేపల వేటకి వెళ్ళి ఉన్నాడు. రెండు రోజుల కూలి, బస్సు డబ్బులు పోయాయి. మూడోసారి వెళ్ళలేదు. "ఎవురూ నాతో మాటాడనేదు బాబూ" అంది. అంతే అంది. ఆ సంక్రాంతి ఆమె చూడలేదు.

నేను ఆమెకి చెప్పింది తప్పు కాదు. చెప్పి వచ్చేశాను, అదే తప్పు. ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా రోగం దగ్గర మొదలవదు. అదే మచ్చ ఒక ఉద్యోగస్థురాలికి వస్తే ఆమె వెంట చదువుకున్న కొడుకు ఉంటాడు, ఫోన్ చేస్తే పలికే తెలిసిన డాక్టరుంటాడు, సెలవు పెట్టుకునే వీలుంటుంది. మామ్మకి నా చీటీ ఒక్కటే ఉంది.

ఇప్పుడు ఈ జిల్లాలోనే జరిగిన ఇంకో పని చెబుతాను. ఆ పరిశోధకులు లెక్కలు రాసుకుని వెళ్ళిపోలేదు. 1970ల చివర్లో మళ్ళీ వచ్చారు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, ఇక్కడ శ్రీకాకుళం, మూడు చోట్లా కలిపి 36,000 మంది పొగాకు వాడేవాళ్ళని ఎంచుకున్నారు. ఏడాదికోసారి అదే ఇంటికి, అదే మనిషి దగ్గరికి. నోరు చూడడం, ఆ మనిషితో విడిగా మాట్లాడడం. ఊళ్ళో సినిమా వేశారు, పోస్టర్లు అంటించారు, నిజమే. కానీ నేను ముఖ్యమనుకునేది ఆ ఏటేటా తిరిగి వెళ్ళడమే. మానేసినవాళ్ళు, తగ్గించినవాళ్ళు పెరిగారు. కొత్తగా మచ్చలు రావడం తగ్గింది. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అరవై ఏళ్ళ అలవాటు మాటలతో మారదని ఎవరైనా మీతో అంటే, ఈ జిల్లా ఆడవాళ్ళే మార్చుకున్నారని చెప్పండి.

మరణాలు తగ్గుతాయా అని అడగొచ్చు. తగ్గాయి. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి 13 పంచాయతీల్లో దాదాపు 1.9 లక్షల మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఏడు పంచాయతీల్లో ఇంటింటికీ వెళ్ళి నోరు చూశారు. చూసింది డాక్టర్లు కాదు. డిగ్రీ చదివి, ఈ పనికి శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. 2005లో అచ్చయింది.

ముంబై మురికివాడల్లో 1998లో మొదలైనది ఇంకా మీకు దగ్గరది. అక్కడ పరీక్ష చేసింది పదో తరగతి చదివిన ఆడవాళ్ళు. నాలుగు వారాల శిక్షణ. 1.5 లక్షల మంది స్త్రీలు ఆ అధ్యయనంలో ఉన్నారు. గర్భసంచి ముఖద్వారానికి వెనిగర్ లాంటి పలచని ద్రావణం పూసి ఒక్క నిమిషం ఆగి చూడడం, తెల్లగా మారితే పెద్ద పరీక్షకి పంపడం. మీరు వయా టెస్ట్ అంటారే, అదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పదో తరగతి చదివిన ఆడవాళ్ళ చేతుల మీదుగా. ఈ హాల్లో అంతకంటే తక్కువ చదివినవాళ్ళు ఎవరూ లేరనుకుంటాను. మా చదువుకి ఇదంతా ఎక్కడ, అని మీలో ఒకరు పొద్దున టీ దగ్గర అన్నారు. అమ్మా, ఆ మాట ఇంకెప్పుడూ అనకండి.

మరి ఇంత తేలిగ్గా ఉంటే ఎందుకు జరగడం లేదు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21. దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్ళు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9. నోటి పరీక్ష కూడా 0.9. నోరు! బట్ట తీయక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు, సూది లేదు. ఒక టార్చిలైటు చాలు. అయినా వందలో ఒక్కరికి కూడా ఎవరూ నోరు తెరిపించి చూడలేదు. ఈ అంకె చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ముప్పై దాటిన ఆడవాళ్ళకి ఈ మూడు పరీక్షలూ చేయాలని కేంద్రం చెప్పి చాలా ఏళ్ళయింది. మీ చేతిలో సీబ్యాక్ ఫారం, అంటే ఇంటింటికీ వెళ్ళి జబ్బుల లక్షణాలు అడిగి నింపే కాగితం ఉంది. గుమ్మం దగ్గర నిలబడి ప్రశ్నలు చదివి టిక్కులు పెట్టి వెళ్ళాల్సి వస్తోంది, ఎందుకంటే టార్గెట్ ఉంది, పై నుంచి ఫోన్లొస్తాయి. మీ టెన్షన్ నాకు తెలుసు. కానీ "మీకు నోట్లో మచ్చలున్నాయా?" అని అడిగితే అందరూ లేవనే అంటారు. తన అంగిలి తానెవరు చూసుకుంటారు? టిక్కు పడుతుంది, నోరు తెరుచుకోదు. రోజుకి పది ఇళ్ళ బదులు ఐదు ఇళ్ళే చూడండి, కూర్చుని చూడండి. మీ పై అధికారులు కూడా ఇక్కడ ఉన్నారు. వాళ్ళు వింటుండగానే చెబుతున్నాను.

కూర్చున్నాక ఏం మాట్లాడాలి? ముందు వాళ్ళ మాట వినాలి. మన ఊళ్ళలో క్యాన్సర్‌కి రాచపుండు అనే పాత పేరుంది. ఆ పేరు చెప్పగానే ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. అంటుకుంటుందని గ్లాసు వేరు పెడతారు, మనవల్ని దగ్గరికి రానివ్వరు. అంటుకోదని మీరు చెప్పడమే కాదు, ఆ ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగండి. రెండో భయం, కత్తి పెడితే పాకిపోతుందని. ఇది ఊరికే పుట్టిన మాట కాదు. మనవాళ్ళు ముదిరాక వెళ్తారు, ఆపరేషనైనా నిలవరు. చూసినవాళ్ళు కత్తి వల్లే పోయాడనుకుంటారు. ముందుగా వెళ్ళి బాగై వచ్చిన మనిషి ఊళ్ళో ఒక్కరుంటే ఆ భయం పోతుంది. అలాంటివాళ్ళని వెతకండి, వాళ్ళకిష్టమైతే వాళ్ళచేత మాట్లాడించండి. నా బొమ్మలు చేయలేనిది వాళ్ళు చేస్తారు.

ఒక ఆశా అమ్మ సంగతి చెప్పాలి. పేరు చెప్పొద్దంది, ఇక్కడే ఉంది. వాళ్ళ ఊళ్ళో వయా పరీక్షకి ఒక్కరూ రాలేదు. సిగ్గు. కాళ్ళు చాపి పడుకోవాలి, ఎవరో చూస్తారు. ఈమె ముందు తను చేయించుకుంది. బోరింగు దగ్గర అందరూ ఉండగా చెప్పింది: "నాను సేయించుకున్నానప్పా. సూది నేదు, కోత నేదు. నిమిసం పని." తర్వాత వారం ఆరుగురు వచ్చారు. ఆ ఆరుగురూ వాళ్ళ తోడికోడళ్ళని తెచ్చారు. ఇప్పుడు హెచ్‌పీవీ, అంటే ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్, ఉందా అని చూసే పరీక్షకి ఎవరి నమూనా వాళ్ళే తీసుకునే పద్ధతి కూడా ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేస్తోంది. అది మన సబ్ సెంటర్లకి వస్తే సిగ్గు సమస్య సగం తీరిపోతుందని నా ఆశ.

నమ్మకం గురించి కూడా ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు సుమారు 14 వేల మందికి ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే టీకా. వేయించుకున్నవాళ్ళలో హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు చాలామంది. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్లో పని ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ ఆ విచారణలోనే ఇంకో సంగతి బయటపడింది. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. దేనికి వేస్తున్నారో పిల్లలకే సరిగా తెలీదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిది. నా మనవరాలికి వేయించాను. మంచి టీకాని కూడా అడగకుండా, చెప్పకుండా వేస్తే ఊరు ఎన్నేళ్ళు గుర్తుపెట్టుకుంటుందో చూడండి. నష్టపోయేది మళ్ళీ ఆ ఊరి ఆడపిల్లలే. పేదవాళ్ళకి వివరించి చెప్పే టైము లేదనుకోవడం కూడా అన్యాయమే. కాబట్టి రేపు మీ బడికి టీకా వచ్చినప్పుడు ముందు అమ్మలతో కూర్చోండి. వాళ్ళు వద్దంటే కోప్పడకండి, ఇంకో రోజు వెళ్ళండి.

ఇక మచ్చ కనబడింది, ఆమె ఒప్పుకుంది. అక్కడి నుంచే అసలు పని. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం, ఆపరేషన్, రేడియేషన్, కీమో ఖర్చు పేద ఇంటి మీద చాలావరకు పడకుండా పోయింది. అది చిన్న విషయం కాదు. కానీ ఇచ్ఛాపురం వైపు నుంచి విశాఖలో అగనంపూడి దగ్గరున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి 200 కిలోమీటర్లు దాటుతుంది. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు. ఎక్కడుంటారు? తోడెవరుంటారు? ఆ ఆరు వారాలు ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఈ మూడు ప్రశ్నలకి ముందే జవాబు వెతక్కపోతే మధ్యలో వచ్చేస్తారు. మధ్యలో ఆపిన వైద్యం అసలు చేయించుకోనిదానితో సమానమవుతుంది ఒక్కోసారి.

దీనికి అమెరికాలో ఒక డాక్టరు చేసిన పని నాకు చాలా ఇష్టం. హెరాల్డ్ ఫ్రీమన్ అని, న్యూయార్క్‌లో హార్లెమ్ అనే పేద నల్లవాళ్ళ పేటలో సర్జన్. ఆయన దగ్గరికి రొమ్ము క్యాన్సర్‌తో వచ్చిన ఆడవాళ్ళలో సగంమంది అప్పటికే ముదిరిపోయి వచ్చేవాళ్ళు. ఐదేళ్ళు బతికినవాళ్ళు 39 శాతమే. ఆయన డబ్బు లేనివాళ్ళకి కూడా పరీక్షలు అందేలా చూశాడు. 1990లో ఇంకొకటి చేశాడు. అనుమానం వచ్చిన ప్రతి మనిషికీ ఒక తోడు మనిషిని పెట్టాడు. ఆ తోడు మనిషి మందివ్వదు, పరీక్ష చేయదు. ఏ గదికెళ్ళాలో చూపిస్తుంది, కాగితాలు నింపుతుంది, రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తుంది. తర్వాతి లెక్కలో ఐదేళ్ళు బతికినవాళ్ళు 70 శాతానికి చేరారు. అది చదివినప్పుడు నాకు మామ్మ మాటే గుర్తొచ్చింది. ఎవురూ నాతో మాటాడనేదు.

ఇక్కడ ఆ తోడు మీరే. ప్రసవానికి మీరు తోడు వెళ్ళడం మొదలుపెట్టాకే ఊళ్ళు ఆసుపత్రి కాన్పులకి అలవాటు పడ్డాయి. క్యాన్సర్‌కి కూడా అలా వెళ్ళాలి. ఆ రోజుకి మీకు డబ్బివ్వాలి, బస్సు ఛార్జీ ఇవ్వాలి. ఉచిత సేవ అని మీ మీద వేసేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. దీని గురించి నేను ప్రతి సమావేశంలో అడుగుతూనే ఉన్నాను, మీరూ అడగండి.

కుర్రాళ్ళ గురించి ఒక్క మాట. అడ్డపొగ తగ్గుతోంది, కొత్త కోడళ్ళలో నేను అంతగా చూడడం లేదు. కానీ ఆటో స్టాండులో, కాలేజీ బయట గుట్కా, ఖైనీ పొట్లాలు కనబడుతున్నాయి. వక్క ఉన్నవి నమిలేవాళ్ళకి నోరు బిగుసుకుపోతుంది. నోరు తెరిచి తన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోమనండి. పట్టకపోతే పంపించండి. పాతికేళ్ళ కుర్రాడైనా సరే.

ఇంక నేను మాట్లాడను. మీ సంచుల్లో టార్చిలైట్లున్నాయి, తీయండి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోండి. ఒక దంత విద్యార్థి, ఒక ఆశా. ముందు ఆశా అమ్మ విద్యార్థి నోరు చూడాలి, తర్వాత విద్యార్థి చూడాలి. పెదాల లోపలి వైపు తిప్పి చూడండి. రెండు బుగ్గలూ పక్కకి లాగి చూడండి. నాలుక బయటికి తీయించి రెండు పక్కలా, తర్వాత పైకెత్తించి కింద. తెలుపు, ఎరుపు, రెండు మూడు వారాలుగా మానని పుండు, గట్టిగా తగిలే చోటు. ఏది కనబడినా నొప్పి ఉందా లేదా అని చూడకండి, రాసుకోండి. ఆఖర్న తల బాగా వెనక్కి వంచమనండి, అంగిలి మీద లైటు వేయండి. మన జిల్లాలో అక్కడ చూడకుండా ఎవరినీ పంపొద్దు. కింద తేదీ రాసి, పక్కన మీరు మళ్ళీ వెళ్ళే తేదీ కూడా రాయండి. ఆ రెండో తేదీ ఖాళీగా ఉన్న కాగితం నేను తీసుకోను.

కానివ్వండి, నేను ఒక్కో జంట దగ్గరికీ వస్తాను.